చాలు అనేదాకా

చలి వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఆ వీధిలో ఎవరూ ఆకాశం వంక చూసేవాళ్లు కాదు. మూలింటి వంటింటి కిటికీ వంక చూసేవాళ్లు. అద్దాల నిండా ఆవిరి పట్టి, లోపలి దీపం పసుపు మరకలా కనబడుతోందీ అంటే ఆ ఇంట్లో నారింజపాకం మొదలైందన్నమాట. ఇంక దుప్పట్లు దులుపుకోవచ్చు.

మొదలెట్టించేది అత్తగారు, చేసేది కోడలు. పళ్లు కడగడం, తుడవడం, తొక్క వలిచి దారప్పోగుల్లా తరగడం, గింజలు పల్చటి గుడ్డలో మూటకట్టి తొక్కతో పాటు నానెయ్యడం, మర్నాడు ఆ తొక్క వేళ్ల మధ్య వెన్నలా నలిగేదాకా ఉడకబెట్టడం, పంచదార పోసి తెడ్డు తిప్పడం, ఇవన్నీ కోడలి పనులు. అత్తగారిది ఒకటే పని. పొయ్యికి ఎదురుగా పేముకుర్చీలో కూచుని ‘చాలు’ అనడం. ఆ మాట నోట్లోంచి ఊడిపడగానే గిన్నె దించెయ్యాలి. కాస్త ముందైతే పాకం నీళ్లు, కాస్త వెనకైతే రాయి. ఆ ఒక్క మాటకే అయినవాళ్లంతా సీసా మూత తీసి, “ఎంతైనా ఆవిడ చేతి పాకం” అని పొంగిపోయేవాళ్లు. ఆవిడ చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉండేది.

ఆ ఏడు పళ్ల బస్తా విప్పేటప్పటికి అత్తగారి కంటికి కట్టుంది. శుక్లం తీయించుకుని వచ్చి నాలుగు రోజులైంది. కట్టు లేని రెండో కన్నూ అంతంతమాత్రమే, మనిషి ఎదురుగా నిలబడితే పొగ నిలబడ్డట్టు కనబడేది. తల్లిని చూసుకోవడానికి ఆడపడుచు కూడా వచ్చి ఉంది. ఆవిడ తమ్ముడు, తాళాలు బాగుచేసే కోడలి మొగుడు, ఆవిడకి రేడియో అని పేరు పెట్టాడు. ఒక స్టేషను పట్టకపోతే ఇంకోటి పట్టి మాట్లాడుతూనే ఉంటుందని.

మధ్యాహ్నపు ఎండ వంటింట్లోకి పల్చగా, పాలు కలిపిన నీళ్లలా పడుతోంది. కోడలు చాప మీద కూచుని తొక్కలు తరుగుతోంది. కత్తి కిందనుంచి సన్నటి నారింజ పోగులు రాలుతున్నాయి, రాలి చుట్టలు చుట్టుకుంటున్నాయి. గోళ్లలోకి దిగిన రసం చురుక్కుమంటోంది. ఆడపడుచు సీసాల మూతులకి కట్టడానికి తమ్ముడి పాత చొక్కాలు చతురస్రాలుగా కత్తిరిస్తోంది. ఏ ఇంటికి ఏ గుడ్డో అత్తగారు కుర్చీలోంచి చెబుతోంది.

“చిన్నబాబాయికి నీలం గళ్లది. కిందటిసారి చారలది కట్టారు, ఆయన మొహం మాడ్చుకున్నాడు.”

“ఆయన మొహం పుట్టుకతోనే అంత కదమ్మా,” అంది ఆడపడుచు.

“నోర్ముయ్యవే. మీ పిన్నికి గోధుమరంగుది. మీ అత్తగారికి మెత్తటి గుడ్డ చూడు, ఆవిడకి వేళ్ల నొప్పులు. ఇంటి పెద్దలకి తెల్లది.”

ఇంటింటికీ గుడ్డ తెగుతోంది. కోడలు చెవి ఆ పేర్ల మీదే ఉంది. వింటూ వింటూ, ఇంకెవరో మిగిలిపోయినట్టు, బండి ఎక్కాక ఒక మనిషి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయినట్టు అనిపించసాగింది.

ఆ మనిషి ఎవరో తనకి తెలుసు. వారం కిందట మొగుడి కోటు ఇవ్వడానికి వంతెన అవతలి లాండ్రీకి వెళ్లింది. అక్కడ ఇస్త్రీ చేసేది తన అక్కే. అక్క కోటు భుజం మీద తడిగుడ్డ వేసి పెట్టె తోస్తూ, పనిలో పనిగా అనేసింది. “మీ ఇంట్లో పాకం ఎప్పుడే? ఏటా ఆ రోజుల్లో మీ మూల మీదుగా బస్సు పోతుంటే నేను కిటికీ వెయ్యనివ్వను. పక్కవాళ్లు తిడతారు చలీ అని. తిట్టనీ, ఆ వాసన మూల తిరిగేదాకానే కదా.” అని నవ్వింది. అందులో ఆరా లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే ముల్లులా దిగింది చెల్లెలికి. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ తెడ్డు తిప్పుతోంది తను. తనని పెంచిన మనిషికి కిటికీలోంచి వచ్చిన వాసనే గతి.

కత్తి పక్కన పెట్టింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈవిడ అత్తగారాయె.

“అత్తయ్యా.”

“ఊఁ.”

“ఈసారి ఒక సీసా మా అక్కకిద్దామని.”

కత్తెర ఆగింది.

“మీ అక్కకా,” అంది అత్తగారు. గొంతులో కోపం లేదు, పైగా ముద్దుగానే అంది. “మంచి మనిషి, కాదనను. కానీ అమ్మాయ్, ఇది ఇంటిపాకం. ఇంటివాళ్లకి వెళ్తుంది. మీ అక్క మనింటికొస్తే చుట్టం. చుట్టాలకి టీ ఇస్తాం, బిస్కట్లిస్తాం. ఎప్పుడైనా ఇవ్వకుండా పంపించామా?”

“లేదండీ.”

“మరి? తరుగు తరుగు, తొక్క ఆరిపోతుంది.”

తిట్టినా బాగుండేది. తిట్టుకి తిరుగు మాటుంటుంది, ముద్దుకి ఏముంటుంది? కోడలు తరగడం మొదలెట్టింది. పోగులు ఇంకా సన్నగా, వెంట్రుకల్లా తెగాయి.

సాయంత్రం మొగుడు కొట్టు కట్టేసి వచ్చి చేతుల నూనె కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

“మీరొక్క మాట చెప్పకూడదా అత్తయ్యకి?”

ఆయన సంగతంతా విన్నాడు. వేలివేలికీ సబ్బు రాసుకున్నాడు.

“నేను తాళాలు తీసేవాడినోయ్. మా అమ్మ నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దాన్ని మూసే తాళం నా దగ్గర లేదు.”

“నవ్వు రావట్లేదు నాకు.”

“నాకు మాత్రం వస్తోందా,” అన్నాడు. తువ్వాలు తీసుకుని మెల్లిగా లోపలికి పోయాడు.

మర్నాడు పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కింది. నానిన పోగులన్నీ పట్టవు గనక సగానికి పైగా ఇందులో పోసి, తక్కినవి బకెట్లో ఉంచేసింది కోడలు. ఉడికాయి. మూట పిండి జిగురు దింపింది. పంచదార పోసింది. అది గరగరమని దిగి, కరిగి, గిన్నె అంచులు ఎర్రబడ్డాయి. ఆవిరి లేచింది. కిటికీ మాయమైంది, అరలు మాయమయ్యాయి, ఎదురుగా కుర్చీలో అత్తగారు కట్టు కన్నుతో సహా తేలిపోతున్నట్టుగా ఉంది. పక్కగదిలో ఆడపడుచు కడిగిన సీసాలు గుడ్డ మీద బోర్లిస్తున్న చప్పుడు ఎక్కడో దూరంగా, ఏటి అవతలి నుంచి వస్తున్నట్టు వినబడుతోంది.

తెడ్డు తిరుగుతోంది. అటు నుంచి ఇటు, అడుగు తాకి, అంచు తాకి, మళ్లీ నడిమికి. అలా తిప్పుతుంటే మనిషి మనిషిలా ఉండదు. కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో తెలీదు. కోడలికి ఆ ఆవిరిలో అక్క కనబడింది, బస్సు కిటికీకి బుగ్గ ఆనించి కళ్లు మూసుకుని. బస్సు కదలడం లేదు. వీధే కదిలిపోతోంది, ఇళ్లు ఒక్కొక్కటే వెనక్కి జారిపోతున్నాయి, ఈ ఇల్లు కూడా. అక్క ఊపిరి మాత్రం లోపలికి పీల్చుకుంటూనే ఉంది.

పాకం చప్పుడు మారింది. మొదట వానలా ఉంటుంది. తర్వాత ఇద్దరు గుసగుసలాడుకున్నట్టుంటుంది. ఆఖర్న ఎవరో పెదాలు చప్పరించినట్టు, లావుపాటి బుడగలు మెల్లిగా లేచి మెల్లిగా పగులుతాయి. తెడ్డు బరువెక్కింది. తెడ్డు వెనకే గిన్నె అడుగు ఒక్క క్షణం కనబడి మళ్లీ మూసుకుంది. కోడలి చెయ్యి ఆగబోయింది.

ఆగనివ్వలేదు. చాలు అనవలసిన మనిషి ఎదురుగా ఉంది. ఇది ఇంటిపాకం. ఇంటివాళ్లే చెప్పాలి. తనెవరు చెప్పడానికి? ఇంకా గట్టిగా, ఇంకా నిమ్మళంగా తిప్పింది, గడియారం ముల్లులా.

అత్తగారు తల ఒక పక్కకి వంచి కూచుంది. ఏమీ అనలేదు.

నారింజ రంగు తేనె రంగైంది, తేనె రంగు తుప్పు రంగైంది. వాసనలో తీపి వెనకనుంచి ఏదో కమిలింది. తెడ్డు బురదలో దిగబడ్డ చక్రంలా మొరాయించింది. అప్పుడు పక్కగదిలోంచి ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది.

“ఏంటి మరదలా ఆ వాసన? ముక్కు లేదా నీకు? ముదిరిపోయింది చూడు.”

కోడలు గిన్నె దించింది. దించేటప్పటికే తెడ్డు అందులో నిలువునా నిలబడిపోయింది, ఎవరూ పట్టుకోకుండానే. ఆడపడుచు పట్టుకు లాగితే గిన్నే పైకి లేచింది గానీ తెడ్డు ఊడిరాలేదు.

“ఇన్నేళ్లూ చేసి ఇప్పుడు ఇలాగా? అమ్మ చూస్తూ ఉంటే కూడా?”

“చూడ్డం లేదు కదా వదినా, కట్టుంది.”

“చూపు లేకపోతే ఏం, మా అమ్మ ముక్కు ముందు ఏదైనా నిలుస్తుందా? నిన్ను దించమనే ఉంటుంది, నువ్వే వినిపించుకోలేదు. నిన్నటి నుంచీ నీ మనసు ఎక్కడుందో నాకు తెలీదనుకున్నావా?”

కోడలు అత్తగారి వంక చూసింది. ‘నేను అనలేదే’ అనే ఒక్క ముక్క వస్తుందేమోనని చూసింది. అత్తగారు ఒళ్లో చేతులు ఒకదానిలో ఒకటి దూర్చుకుని, కనబడని కిటికీ వైపు మొహం పెట్టింది. నోరు మెదపలేదు. ఆ నోరు అంత సేపు మూసి ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

గిన్నె పెరట్లో చల్లారబెట్టారు. సాయంత్రం టీ అత్తగారు తన గదిలోకే తెప్పించుకుంది, తాగకుండా చల్లార్చింది. మొగుడు గిన్నె పక్కన గొంతుకూచుని తెడ్డు చుట్టూ గీరి చూశాడు. “ఇంత గట్టి తాళం నేనెప్పుడూ చూళ్లేదు,” అన్నాడు తనలో తను. కోడలు ఆ రాత్రి బకెట్లో మిగిలిన తొక్కల మీద మూత పెట్టింది. పడుకుందే గానీ కళ్లు మూస్తే తెడ్డే తిరిగింది.

పొద్దున్నే ఆడపడుచు కొంగు బిగించి వంటింట్లో తయారైంది. కొత్త తెడ్డు కడిగింది. చిన్న గిన్నె తీసింది.

“ఉన్న తొక్కలతో సగం సీసాలైనా నిండుతాయి. నేను తిప్పుతాను. నువ్వు సీసాలు చూసుకో మరదలా. అమ్మా, కుర్చీ వేశాను, వచ్చి కూచో. చాలు అని నువ్వు చెప్పు.”

అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది. కుర్చీ దొరికింది, కూచోలేదు. దాని వీపు పట్టుకుని నిలబడింది.

“నీకు చెప్పలేనే,” అంది.

“ఏం? అలిగావా?”

“నాకు వాసన తెలీదు.”

“పడిశమా?”

“పడిశం కాదు. ఆ పెద్ద జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచీ. గులాబీ పువ్వూ కిరసనాయిలూ ఒకటే నాకు. మీ నాన్న పోయే ముందు చలికాలం అది. ఎవరికీ చెప్పలేదు.”

ఆడపడుచు తెడ్డు బల్ల మీద పెట్టింది. “ఎన్నేళ్లయిందమ్మా అదీ. మరి ఏటా చాలు అంటూనే ఉన్నావుగా. ఏటా కుదురుతూనే ఉంది.”

“దాని చెయ్యి చూసి అనేదాన్ని,” అంది అత్తగారు. ‘దాని’ అన్నప్పుడు గడ్డం కోడలు ఉన్న వైపుకి తిప్పింది. కొంచెం తప్పు వైపుకే, అయినా తిప్పింది. “పాకం అయ్యేటప్పటికి దాని మణికట్టు ఆగుతుంది. రెప్పపాటు అంతే. దానికి కూడా తెలీదు. అది ఆగగానే నేను చాలు అనేదాన్ని. మొన్న ఆసుపత్రిలో కట్టు కడుతుంటే నాకు కన్ను గురించి భయం లేదు, ఈ పాకం గురించే. సరే, చప్పుడైనా విందాం, తెడ్డు ఆగగానే చెబుదాం అనుకుని కూచున్నాను నిన్న. అది ఆపితేగా.”

కోడలికి నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఏటా తను ఆవిడ నోటి వంక చూస్తూ నిలబడింది. ఆవిడేమో తన చేతి వంక చూస్తూ కూచుంది. ఇద్దరు మొహమాటస్తులు గుమ్మం దగ్గర ‘మీరు ముందు, మీరు ముందు’ అనుకున్నట్టు, అన్ని చలికాలాలూ.

“ఆగింది అత్తయ్యా,” అంది. “ఆగబోయింది. నేనే ఆగనివ్వలేదు. అయిపోయిందని తెలుసు నాకు. తెలిసే తిప్పాను.”

“ఎందుకే?” అంది ఆడపడుచు.

అత్తగారు మాత్రం ఎందుకని అడగలేదు. కుర్చీ వీపు వదిలేసి తడుముకుంటూ వచ్చి, బల్ల మీద తెడ్డు వెతికి పట్టుకుంది. పట్టుకుని ముందుకు చాపింది. కోడలు అందుకుంది.

“నువ్వు పొయ్యి ముందు నుంచి తప్పుకోవే,” అంది అత్తగారు కూతురితో. “నీ చేతి సంగతి నాకు తెలీదు. నోటి సంగతి తెలుసు.”

ఆ రోజు ఆవిరి పల్చగా లేచింది. చిన్న గిన్నె, చిన్న మంట. వాన చప్పుడు, గుసగుస. రేడియోకి కూడా కరెంటు పోయింది. బయట వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. ఆ గంట ఆవిరిలోకి వచ్చి, నాని, మెత్తబడి పోయినట్టనిపించింది. ఎండ కిటికీ అద్దం మీద బంగారు మసకలా నిలిచింది. కోడలు దేన్నీ తలుచుకోలేదు, దేని వంకా చూడలేదు. బుడగ పెదవి విప్పింది. తెడ్డు వెనక గిన్నె అడుగు కనబడింది.

చెయ్యి ఆగింది. ఆగిన చేత్తోనే మంట కట్టేసి గిన్నె దించింది.

కాసేపటికి అత్తగారు అడిగింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగినట్టు. “అయిందా?”

“అయిందండీ.”

“ఊఁ,” అని కుర్చీలో కూలబడింది. కొంచెం చిన్నగా కనబడింది అందులో. కొంచెం తేలిగ్గా కూడా.

వేడివేడిగా సీసాల్లోకి పోస్తే ఒక్కో సీసాలో పొద్దు పొడిచినట్టుంది, లోపల సన్నటి పోగులు ఎటూ మునగకుండా, తేలకుండా నిలబడ్డాయి. అయితే సీసాలు తక్కువ, ఇళ్లు ఎక్కువ. అత్తగారు అలవాటు కొద్దీ మొదలెట్టింది. “చిన్నబాబాయికి...” అని ఆగింది. మోకాలు రాసుకుంది.

“నువ్వు చెప్పు. ముందు ఎవరికి?”

కోడలు అప్పటికే ఒక సీసా తుడిచి చేతిలో పట్టుకుని ఉంది. “మా అక్కకి.”

“గుడ్డ ఏది కడుతున్నావు?”

“తెల్లది.”

తెల్లది ఇంటి పెద్దలకని ఆడపడుచు నోరు తెరిచింది. అత్తగారు చెయ్యెత్తింది. “పెద్దదే కదా. కట్టనీ.”

“మరి నాకో?” అంది ఆడపడుచు.

“నీకు నిన్నటి గిన్నె. మీ తమ్ముడు సుత్తితో కొట్టి ముక్కలు చేసిస్తాడు. పళ్లు గట్టివే కదా. బస్సులో ఒక ముక్క బుగ్గన పెట్టుకో, పక్కసీటువాళ్లు నాకు దణ్ణం పెడతారు.”

ముందు నవ్వింది ఆడపడుచే. నవ్వుతూనే, తల్లి కట్టు అంచు తడిసిందని చూసి గుడ్డతో అద్దింది. “కంటికి తడి తగలకూడదన్నాడు డాక్టరు, నీకు పుణ్యం ఉంటుంది, ఊరుకో,” అంది నెమ్మదిగా.

మర్నాడు కోడలు వంతెన దాటి లాండ్రీకి నడిచే వెళ్లింది. సీసా శాలువా లోపల ఉంది, ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉంది. నది మీద మంచు పట్టింది, అవతలి ఒడ్డు లేదు. ఎదురొచ్చే మనుషులు ముందు మరకలుగా కనబడి, తర్వాత మనుషులై, దాటాక మళ్లీ మరకలైపోయారు.

అక్క దుప్పటి మడతపెడుతోంది. సీసా బల్ల మీద పెడితే చూసి, “ఎవరికివ్వాలే? పేరు చెప్పు, వచ్చినప్పుడు ఇస్తాను,” అంది.

“నీకే.”

“నాకా,” అంది అక్క. ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. ఉతికిన బట్టల మూట మీద కూచుని దారం ముడి విప్పింది, తెంపలేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. చెల్లెలు ఆ మొహం వంక చూస్తూ నిలబడింది.

అక్క కళ్లు తెరిచింది.

“చేదే,” అంది.

“తొక్క కదా అక్కా. కొంచెం చేదుంటుంది.”

“కొంచెమా? వేపచెట్టు నయం. ఇన్నేళ్లూ దీనికోసమా నేను బస్సంతా చలికి వణికించింది?”

ఇద్దరికీ ఒకేసారి వచ్చింది నవ్వు. వెనకగదిలో బట్టలు పిండుతున్నావిడ ఏమైందోనని తొంగి చూసి పోయింది. నవ్వుతూ నవ్వుతూనే అక్క మళ్లీ వేలు ముంచింది. మళ్లీ మొహం వికారంగా పెట్టింది. మూడోసారి ముంచి, మూత బిగించింది. తర్వాత ఆ తెల్లగుడ్డ తీసి చూసింది. దారం కట్టిన చోట నలిగి ఉంది. బల్ల మీద పరిచి, నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, పెట్టె తోసింది. ఒక మడత, ఒక అంచు, అటు తిప్పి ఇంకో అంచు. గుడ్డ కాగితంలా తయారయ్యాక సీసా మీద కప్పి, అదే దారంతో పొందిగ్గా కట్టింది.

“వాసనకి మాత్రం వంక లేదు,” అంది. “వచ్చే చలికి పంచదార ఇంకాస్త వెయ్యి.”

“వేస్తాను,” అంది చెల్లెలు.

అనేసి, పక్కనున్న తడి దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని సాగదీస్తుంటే, ‘అత్తయ్యని అడిగి చెప్తాను’ అనలేదే తను అని అప్పుడు తట్టింది. దుప్పటి ఇద్దరి మధ్యా తెరచాపలా పొంగింది. ఆమె తన కొస గట్టిగా లాగింది.